ఒక్క జేబు చాకు చాలు: ఎంపిక, వాడకం, సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

పార్సిలు విప్పడానికి, పండు కోయడానికి, పురికొస తెంపడానికి రోజూ దగ్గర ఉంచుకునే మడత చాకు గురించి కొనేవారికి సాధారణంగా కలిగే సందేహాలకు ఇవి సమాధానాలు. వేట, ఆత్మరక్షణ ఇక్కడి విషయాలు కావు. ఆ ఉద్దేశంతో చాకు కొనాలనుకునేవారికి ఈ సలహాలు ఉపయోగపడవు.

ఒక్క చాకే ఉండాలన్న పట్టుదల ఎందుకు? నాలుగైదు ఉంటే వచ్చే నష్టం ఏమిటి?

డబ్బు సంగతి పక్కన పెట్టినా పదును సంగతి పక్కన పెట్టలేం. చాకు పనికొచ్చేది పదును ఉన్నంతకాలమే. ఆ పదునును నిలబెట్టుకోవడం ఒకే పనిముట్టును మళ్లీమళ్లీ రాయి మీద ఆనించి చేతికి అలవరచుకోవలసిన విద్య. ఒకే చాకును ఏళ్ల తరబడి వాడేవారికి దాని అంచు ఏ వాలులో రాయికి ఆనుతుందో, ఎంత బలం పెడితే కీలు కదులుతుందో, ఏ పని దానివల్ల కాదో తెలిసి ఉంటుంది. సొరుగు నిండా చాకులున్నచోట సాధారణంగా జరిగేది వేరు: ప్రతి చాకూ ఫ్యాక్టరీలో పెట్టిన తొలి పదునుతో కొన్నాళ్లు పనిచేస్తుంది, అది తగ్గగానే సానపెట్టే బదులు కొత్తదాని మీదికి మనసు పోతుంది, చివరికి ఇంట్లో చాకులకు కొదవ ఉండదు గాని టమాటా తొక్క తెగేంత పదునున్నది ఒక్కటీ దొరకదు.

సేకరణను అభిరుచిగా పెట్టుకున్నవారిని తప్పుపట్టడం లేదు. వాడకం కోసమే కొంటున్నామని తమకు తాము చెప్పుకుంటూ సేకరించేవారికే ఈ మాట వర్తిస్తుంది.

నాకు ఎలాంటి చాకు సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

కొట్టుకు వెళ్లే ముందు ఒక వారం పాటు కత్తెరతోనో, వంటింటి కత్తితోనో, తాళం చెవితోనో, చివరికి పళ్లతోనో మీరు తెంపినవీ కోసినవీ ఏమిటో గమనించండి. నగరంలో ఉద్యోగం చేసేవారి జాబితాలో పార్సిలు టేపు, అట్టపెట్టె, కొత్త బట్టల ట్యాగు, ఆఫీసులో తినే జామకాయ లేదా ఆపిల్ ఉంటాయి. పొలం పనులున్నవారికి ఎరువుల బస్తా కుట్టు దారం, నైలాను తాడు, డ్రిప్పు పైపు, లేత కొమ్మలు తోడవుతాయి. ఈ రెండు జాబితాలలోనూ ఆరేడు సెంటీమీటర్ల పలుచని బ్లేడుకు లొంగనిది ఏదీ లేదు.

జాబితాలో లేని పనుల కోసం కొనకపోవడం అంతకన్నా ముఖ్యం. ఎప్పుడో అడవిలో చిక్కుకుంటే కట్టెలు చీల్చడానికి పనికొస్తుందన్న ఊహతో బరువైన చాకు కొన్నవారు రోజూ జేబులో ఆ బరువు మోయలేక మూడో వారానికే దాన్ని ఇంట్లో వదిలేస్తారు. కొబ్బరిబోండం కొట్టడం, డబ్బా మూతలు పెళ్లగించడం, స్క్రూలు తిప్పడం, ఇనుప తీగ తెంపడం ఏ జేబు చాకు బ్లేడుతోనూ చేయదగిన పనులు కావు. అంటు కట్టేవారికి ఒకవైపు మాత్రమే పదునుండే ప్రత్యేకమైన చాకు కావాలి గనుక వారి అవసరం వేరు.

బ్లేడు ఎంత పొడవు, ఎంత మందం ఉండాలి?

పొడవు 6 నుంచి 8.5 సెంటీమీటర్ల వరకు ఉంటే చాలు. కొనేవారు పొడవు గురించి ఎక్కువగా ఆలోచిస్తారు గాని కోతను నిర్ణయించేది మందమే. వీపు, అంటే పదును లేని వెనక వైపు, దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్లుండే బ్లేడు ఎంత పదునైనదైనా క్యారెట్టునో గట్టి జామకాయనో కోయదు, చీలుస్తుంది. సగం దిగేసరికి బ్లేడు బిగుసుకుపోతుంది, కాయ ఠప్పుమని పగులుతుంది. వీపు దగ్గర 2 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉండి అంచు వైపు క్రమంగా సన్నబడే బ్లేడు అదే కాయలోంచి శ్రమ లేకుండా దిగిపోతుంది. దుకాణంలో మందపాటి చాకులు దృఢంగా, పలుచనివి బలహీనంగా కనిపించడం సహజమే. అయినా కోతకు పలుచనిదే కావాలి.

ఏ ఉక్కు మంచిది? పేర్లు, అంకెలు చూస్తే తల తిరుగుతోంది.

సేకరణ వైపు మనుషులను లాగేది ఎక్కువగా ఈ అంకెలే కాబట్టి కొంత వివరంగా చూద్దాం. ఉక్కులో కార్బన్ పెరిగేకొద్దీ దాన్ని మరింత గట్టిగా చేయవచ్చు, క్రోమియం పెరిగేకొద్దీ తుప్పును తట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ అని పిలవడానికి సుమారు 10.5 శాతం క్రోమియం కనీస హద్దు. చాకులలో విరివిగా కనిపించే 12సి27 అనే స్వీడిష్ ఉక్కులో కార్బన్ దాదాపు 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. ఖరీదైన చాకులలో వాడే ఎస్30వి అనే అమెరికన్ ఉక్కులో కార్బన్ దాదాపు 1.45 శాతం, క్రోమియం 14 శాతం, పైగా 4 శాతం వెనేడియం. ఆ వెనేడియం కార్బన్‌తో కలిసి చాలా గట్టి రేణువులను ఏర్పరుస్తుంది కాబట్టి అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ ఆ రేణువులు మామూలు సానరాయి కన్నా గట్టివి కావడం వల్ల పదును పోయాక దాన్ని తిరిగి తేవడానికి డైమండ్ రాళ్లు, ఓపిక రెండూ కావాలి.

ఒకే చాకుతో చిరకాలం గడపాలనుకునేవారికి మా సలహా 12సి27 తరహా మధ్యస్థమైన స్టెయిన్‌లెస్ ఉక్కే. లోహాల గట్టితనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 56 నుంచి 58 వరకు గట్టితనం ఉన్న అంచు కొంచెం త్వరగా మొద్దుబారుతుంది గాని పది నిమిషాలలో ఏ సాధారణ రాయి మీదైనా తిరిగి పదునెక్కుతుంది. రెండు నెలలు నిలిచి ఆ తర్వాత సంవత్సరమంతా మొద్దుగా పడి ఉండే అంచు కన్నా ఇది మేలు. ఉక్కు పేరు ఒకటే అయినా కాల్చి చల్లార్చిన తీరు బాగాలేకపోతే ఫలితం ఉండదు కనుక, కొత్త కంపెనీ ప్రకటించే గొప్ప ఉక్కు కన్నా పాత కంపెనీ దశాబ్దాలుగా వాడుతున్న సాదా ఉక్కును నమ్మడం మంచిది. ఈ సంగతి తెలుగువారికి కొత్త కాదు: ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో తయారైన అధిక కార్బన్ ఉక్కును పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. అక్కడి కమ్మరులకు శాతాల లెక్కలు లేవు, కొలిమిలో ఎంతసేపు ఉంచాలో, ఎంత నెమ్మదిగా చల్లార్చాలో తెలిసిన అనుభవం ఉంది.

స్టెయిన్‌లెస్ కాని కార్బన్ స్టీలు చాకు కొనవచ్చా?

కొనవచ్చు. ఎంతో సులువుగా, ఎంతో సన్నని పదునెక్కుతుంది. అయితే మన వంటలలో పులుపు ఎక్కువ. నిమ్మకాయ, మామిడికాయ, ఉల్లిపాయ కోసిన కొద్ది నిమిషాలకే ఆ ఉక్కు నల్లబడుతుంది, మొదటి రోజులలో పండు ముక్కకు ఇనుప వాసన కూడా అంటుతుంది. క్రమంగా ఏర్పడే ఆ నీలి బూడిద రంగు పొర హానికరం కాదు, తుప్పును కొంత అడ్డుకుంటుంది కూడా. ఎర్రని తుప్పు మాత్రం వేరే సంగతి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో, చెమటకు తడిసే చొక్కా జేబులో, కార్బన్ స్టీలు చాకును ప్రతిసారీ తుడిచి అప్పుడప్పుడూ నూనె రాయగలిగే క్రమశిక్షణ లేనివారు స్టెయిన్‌లెస్‌కే పరిమితం కావడం మంచిది.

బ్లేడు తెరిచాక కదలకుండా ఆపే లాక్ తప్పనిసరా?

కాదు. సంప్రదాయ జేబు చాకులలో బ్లేడును వీపు వైపున్న స్ప్రింగు ఒత్తిడి మాత్రమే నిలిపి ఉంచుతుంది. వెనక నుంచి గట్టిగా నొక్కితే అది మూసుకుంటుంది. కోయడం అంటే అంచు వైపు నుంచి బలం పెట్టడమే కాబట్టి సరిగా వాడినంతకాలం ఆ బలం బ్లేడును తెరిచే దిశలోనే పనిచేస్తుంది. ప్రమాదం వచ్చేది మొనతో పొడిచి రంధ్రం చేయబోయినప్పుడు, బ్లేడు ఇరుక్కుంటే వెనక్కి లాగినప్పుడు. అలాంటి పనులు తరచుగా ఉన్నవారికి లాక్ వేళ్లను కాపాడుతుంది. కానీ లాక్ ఉందన్న ధీమాతో చాకును పెళ్లగించే కమ్మీలా వాడేవారికి ఏ లాకూ రక్షణ ఇవ్వదు, లాక్‌లన్నీ అరుగుతాయి, కొన్ని జారుతాయి. లాక్ ఉంటే చట్టం దృష్టిలో చాకు స్థాయి మారే దేశాలు కూడా ఉన్నాయి. ఆ విషయం కింద ఉంది.

పేర్లు చెప్పండి. ఏది కొనాలి?

సుదీర్ఘకాలంగా పెద్దగా మార్పు లేకుండా తయారవుతున్న చాకులు కొన్నే ఉన్నాయి, ఎంపికను వాటికే పరిమితం చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

మొదటిది విక్టోరినాక్స్. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో ప్రారంభించిన కార్ఖానా 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు సరఫరా చేసింది. ఇప్పుడు లోకమంతా ఎరిగిన ఎర్రపిడి చాకుకు మూలమైన ఆఫీసరు చాకు 1897 నాటిది. మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే తరగతిలో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, సీసా మూత తెరిచే పరికరం, డబ్బా తెరిచే పరికరం ప్రధానంగా ఉండే సన్నని నమూనాను ఎంచుకోండి. కత్తెర నిజంగా వాడతారనుకుంటే అది ఉన్నదాన్ని తీసుకోండి. ముప్పై పనిముట్లు దొంతరగా పేర్చిన లావుపాటి నమూనాలు దుకాణం అద్దాల వెనక ఎంత ముచ్చటగా ఉన్నా చేతిలో ఇటుకలా ఉంటాయి, అసలు పనైన కోతకు పట్టు దొరకదు.

రెండవది ఒపినెల్. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన ఈ చాకులో చెక్క పిడి, బ్లేడు, మేకు, లోహపు పట్టీ తప్ప మరేమీ లేవు. బ్లేడును తెరిచి బిగించే తిరుగుడు ఉంగరం 1955లో వచ్చి చేరింది. పరిమాణాలకు అంకెలే పేర్లు. 8వ నంబరు బ్లేడు సుమారు 8.5 సెంటీమీటర్లు, అయినా మొత్తం చాకు 50 గ్రాముల లోపే. పండ్లు, కూరగాయలు కోయడంలో ఈ ధరలో దీనికి సాటి లేదు. దీని బలహీనత చెక్కే: వానాకాలంలో పిడి తేమ పీల్చి ఉబ్బితే బ్లేడు బయటికి రావడానికి మొరాయిస్తుంది. పిడి చివరను బల్ల మీద గట్టిగా తట్టితే బ్లేడు కొద్దిగా పైకి లేస్తుంది, ఇది దాని స్వస్థలంలోనూ వాడే చిట్కానే. అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించి ఆరనిస్తే బాధ చాలావరకు తగ్గుతుంది.

బక్ 110 అనే అమెరికన్ చాకు 1964 నుంచి ఉంది. వీపు వైపు లాక్ ఉండే మడత చాకులకు అంత పేరు తెచ్చింది అదే. ఇత్తడి, చెక్క కలిసి 200 గ్రాముల వరకు తూగుతుంది గనుక నడుము బెల్టుకు తగిలించుకునేవారికే అనువైనది. జపాన్‌లోని మికి పట్టణపు హిగొనొకామి ఇంకా సరళమైనది, మడిచిన లోహపు రేకే పిడి, లాకూ స్ప్రింగూ ఏమీ లేవు, బ్లేడు వెనక ఉన్న చిన్న మీటను బొటనవేలు నొక్కి పట్టుకోవడమే ఆధారం. చూడముచ్చటైనది గాని ఒకే చాకుగా మొదటిసారి కొనేవారికి దాన్ని సూచించము.

ఒక్కటే చెప్పమంటే, ఇంటి బయట అనేక చిన్న పనులున్నవారికి సన్నని స్విస్ చాకు, ఎక్కువగా తిండి పదార్థాలే కోసేవారికి స్టెయిన్‌లెస్ బ్లేడున్న 8వ నంబరు ఒపినెల్. ఈ రెండింటికీ నకళ్లు తిరుగుతున్నాయి. బ్లేడు మొదట్లో ముద్రించిన కంపెనీ పేరు స్పష్టంగా ఉందా, మూసినప్పుడు బ్లేడు పిడి మధ్యలో దిగుతుందా, తెరిచి అటూ ఇటూ ఊపితే కదలిక ఉందా అన్నవి చూసి, బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

సానపెట్టడం నేర్చుకోవడం కష్టమా?

నిజానికి చాకు ఎంపిక మీద పెట్టే శ్రద్ధలో సగం దీని మీద పెట్టినా చాలు. 1000 గ్రిట్ సానరాయి ఒకటి కొనండి (గ్రిట్ అంటే రాయి గరుకుతనాన్ని చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి నున్నన). రెండు వైపులా వేర్వేరు గరుకుతనం ఉన్నదైతే 400, 1000 కలిసినది తీసుకోండి. రాయి కదలకుండా కింద తడి గుడ్డ వేయండి. అంచు రాయికి 15 నుంచి 20 డిగ్రీల వాలులో ఆనాలి. డిగ్రీలు కొలిచే అవసరం లేదు: బ్లేడు వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే దాని వీపు రాయికి నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు వాలు సరిగ్గా ఆ హద్దులలోనే ఉంటుంది. ఎత్తు సరిగ్గా నాలుగా, ఐదా అన్నది ముఖ్యం కాదు, మొదటి నుంచి చివరి వరకు ఒకే ఎత్తు ఉండటం ముఖ్యం.

ఒక వైపే రుద్దుతూ పోతే కొంతసేపటికి అవతలి వైపు అంచు వెంబడి సన్నని పొర లేస్తుంది. వీపు నుంచి అంచు మీదుగా బయటికి బొటనవేలు జార్చితే ఆ పొర గరుకుగా తగులుతుంది. అంచు వెంబడి మాత్రం వేలు నడపకూడదు. ఈ పొర బ్లేడు మొదటి నుంచి మొన దాకా లేచిందంటేనే ఆ వైపు పని పూర్తయినట్టు. కొత్తవారికి పదును రాకపోవడానికి తొంభై శాతం కారణం పొర లేవకముందే వైపు మార్చడమే అనిపిస్తుంది. తర్వాత రెండో వైపూ అలాగే రుద్ది, ఒత్తిడి తగ్గిస్తూ ఇటొకసారి అటొకసారి లాగి, చివర పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వీపు ముందుగా నడిచేలా పది పదిహేనుసార్లు లాగితే పొర రాలిపోతుంది. న్యూస్‌పేపర్ అంచును చిరగకుండా కోయగలిగితే రోజువారీ పనికి అంతకు మించిన పదును అక్కర్లేదు. ప్రయాణంలో రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని గరుకు అంచు తాత్కాలికంగా పనిచేస్తుంది.

వీధిలో చక్రం తిప్పుతూ సానపెట్టేవారికి ఇవ్వవచ్చా?

కొడవలికి, కత్తిపీటకు, వంటింటి కత్తికి వారు చేసే పని బాగానే ఉంటుంది. పలుచని జేబు చాకుకు మాత్రం వద్దు. వేగంగా తిరిగే చక్రం ఆ పలుచని అంచును క్షణాలలో కాలుస్తుంది. గట్టిపరిచిన తర్వాత సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి సరిచేసిన ఉక్కు అంతకన్నా బాగా వేడెక్కితే మెత్తబడుతుంది, నీలి రంగు కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే. పైగా ఒక్కో సానకు అరిగే లోహం చేతి రాయి మీద అరిగేదానికి ఎన్నో రెట్లు.

శుభ్రం చేయడం, నూనె వేయడం ఎలా?

వాడిన ప్రతిసారీ తుడవడం, పండు కోశాక కడిగి పూర్తిగా ఆరబెట్టడం. కీలులో ఇసుక, జేబు నూలు చేరితే గోరువెచ్చని సబ్బునీళ్లలో తెరిచి మూస్తూ కడగవచ్చు. చెక్క పిడులను నానబెట్టకూడదు. కీలుకు వంటనూనె వేయవద్దు, వేరుశనగ నూనె, నువ్వుల నూనె కొంతకాలానికి జిగురవుతాయి, కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకడుతుంది. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క చాలు, ఆహారానికి తగిలినా భయం లేదు.

జేబులో చాకు ఉంచుకోవడం చట్టవిరుద్ధమా?

భారతదేశంలో ఆయుధాల చట్టం కింది నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల బ్లేడున్న కత్తులను ఆయుధాలుగా వర్గీకరిస్తాయి. ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమ వంటి పనుల కోసం చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. చిన్న జేబు చాకు ఆ కొలతలకు ఎంతో దూరంలో ఉంటుంది. అయినా ఎన్నికల సమయంలో, ఉద్రిక్తతలున్నప్పుడు జారీ అయ్యే నిషేధాజ్ఞల కింద, అంటే పూర్వం 144వ సెక్షన్‌గా పిలిచి ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ అయినదాని కింద, కత్తులు పట్టుకు తిరగడాన్ని నిషేధించవచ్చు. ఊరేగింపులు, సభలకు వెళ్లేటప్పుడు చాకును ఇంట్లో వదిలి వెళ్లడం వివేకం. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే చాకుల జోలికి అసలు వెళ్లవద్దు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది: అక్కడ తగిన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో ఉంచుకోదగినది 3 అంగుళాలకు మించని అంచు ఉండి, లాక్ లేని మడత చాకు మాత్రమే. పైన చెప్పిన ఒపినెల్ 8 ఉంగరపు లాక్ వల్లా, పొడవు వల్లా ఆ హద్దు దాటుతుంది, సన్నని స్విస్ చాకు దాటదు. అమెరికాలో రాష్ట్రానికొక నియమం, కొన్నిచోట్ల నగరానికొకటి.

విమానంలో?

క్యాబిన్ సామానులో ఎంత చిన్నదైనా వద్దు, చెక్‌ఇన్ సామానులో పెట్టండి. తాళాల గుత్తికి చాకు తగిలించుకునే అలవాటున్నవారు దాన్ని మరచిపోయి భద్రతా తనిఖీ దగ్గర పోగొట్టుకోవడం మామూలే. మెట్రో స్టేషన్ల తనిఖీలలోనూ ఆపవచ్చు.

ఇప్పటికే ఒక డజను చాకులున్నాయి. వాటినేం చేయాలి?

ఏది ఉంచుకోవాలో ఆలోచించి తేల్చే బదులు వాడి తేల్చండి. అన్నింటినీ సానపెట్టి, నెలకొకటి చొప్పున జేబులో వేసుకుంటే రెండు మూడు నెలలకే చేయి దేని వైపు వెళుతుందో తెలిసిపోతుంది. మిగిలినవాటిలో ఒకటి వాహనం పనిముట్ల సంచిలో, ఒకటి వంటింట్లో చోటు చూసుకుంటాయి. తక్కినవి వాడుకునేవారికి ఇవ్వండి. చాకును నేరుగా చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి అనే పట్టింపు మన ఇళ్లలో ఉంది. దాని వెనకున్న శకునాన్ని నమ్మకపోయినా తెరిచిన బ్లేడు విషయంలో అది చక్కటి పద్ధతి.

ఒక చాకు ఎంతకాలం వస్తుంది? ఎప్పుడు మార్చాలి?

చేతి రాయి మీద అవసరమైనప్పుడే సానపెడుతూ వాడితే దశాబ్దాలు. వదులైన కీలును బాగుచేయించవచ్చు, విక్టోరినాక్స్ చాకుల ప్లాస్టిక్ పిడి పలకలు, పళ్లపుల్ల, చిమటా విడిగా దొరుకుతాయి. తయారీ లోపాలకు ఆ కంపెనీ హామీ కూడా ఉంది, అరుగుదలకూ దుర్వినియోగానికీ వర్తించదు. స్ప్రింగు విరిగినా, లాక్ జారుతున్నా ఆ చాకును వాడటం మానేయాలి. మొన విరిగినంత మాత్రాన మాత్రం పారేయవద్దు: గరుకు రాయి మీద పదునైన అంచు వైపు నుంచి కాకుండా వీపు వైపు నుంచి కొద్దికొద్దిగా అరగదీస్తూ వస్తే, వీపు కిందికి వాలి అంచును కలిసినచోట కొత్త మొన ఏర్పడుతుంది, ఉన్న పదును చెక్కుచెదరదు. పని మధ్యలో బ్లేడును తరచుగా నీళ్లలో ముంచి తీస్తే వేడెక్కకుండా ఉంటుంది.